సినిమాతో దేశం పరువు పోతుందా?

1980లో రాజ్యసభకు నామినేట్ అయిన నటి నర్గీస్, సత్యజిత్ రాయ్ మీద ఒక ఆరోపణ చేశారు. ఆయన మన పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారని, భారతదేశాన్ని దీనస్థితిలో చూడటం పాశ్చాత్యులకు ఇష్టం కాబట్టే ఆయన సినిమాలకు అక్కడ అంత ఆదరణ ఉందని ఆమె వాదన. అలాగైతే రాయ్ చూపించాల్సిన ఆధునిక భారతం ఏది అని ఒక పత్రిక ఇంటర్వ్యూలో అడిగితే ఆమె ఇచ్చిన జవాబు: ఆనకట్టలు.

ఆ జవాబును తర్వాత చాలామంది వెక్కిరించారు. వెక్కిరించి వదిలేయదగ్గ మాట కాదది. సమస్యల మీద తీసిన సినిమా దేశం పరువు తీస్తోందని ఎవరైనా అన్నప్పుడల్లా అసలు గొడవ ఎక్కడుందో ఆ ఒక్క మాటలోనే దొరుకుతుంది.

నర్గీస్ కథానాయికగా 1957లో వచ్చిన 'మదర్ ఇండియా' ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. ఊళ్లోకి కొత్తగా వచ్చిన కాలువను ప్రారంభించమని ముసలి రాధను పెద్దలు బతిమాలతారు. అక్కడి నుంచి కథ వెనక్కి వెళ్తుంది. వడ్డీ మీద వడ్డీ, తాకట్టులో పొలం, బండరాయి కింద నలిగి రెండు చేతులూ పోగొట్టుకున్న భర్త, వరద, ఆకలితో పోయిన పిల్లలు, తిండి ఎరచూపి ఆమెను లొంగదీసుకోవాలని చూసే షావుకారు. చివరికి కథ మళ్లీ కాలువ దగ్గరికే చేరుతుంది. మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లిన తొలి సినిమా ఇదే. విదేశీ భాషా చిత్రాల విభాగంలో చివరి ఐదింటిలో నిలిచింది కూడా. ఇన్ని కష్టాలు చూపించినా అది పేదరికాన్ని అమ్ముకున్న సినిమా అనిపించుకోలేదు.

రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'లో ఉన్న ఆకలి దీనికంటే ఎక్కువేమీ కాదు. వానలో తడిసి జ్వరం తెచ్చుకున్న దుర్గ చనిపోతుంది. మిగిలిన కుటుంబం ఎడ్లబండి ఎక్కి ఊరు విడిచిపోతుంది. ఖాళీ ఇంట్లోకి ఒక పాము పాకుతుంది. కాలువ రాదు, మంత్రి రాడు, పథకం రాదు. చిత్రం ఏమిటంటే ఈ సినిమా పూర్తయిందే ప్రభుత్వ డబ్బుతో. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆ సొమ్మును రోడ్ల అభివృద్ధి పద్దు కింద రాసుకుంది. ముగింపు కాస్త సంతోషంగా ఉంటే బాగుంటుందని సర్కారు వైపు నుంచి సూచన వచ్చినా రాయ్ పట్టించుకోలేదు. సినిమా పూర్తయ్యాక దాన్ని విదేశాలకు పంపడం మీద కొందరు అధికారులు అభ్యంతరం చెప్పారు. నెహ్రూ పంపించమన్నారు. 1956లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ మానవీయ దస్తావేజుగా దానికి పురస్కారం వచ్చింది.

ఈ రెండు సినిమాల మధ్య తేడా పేదరికంలో లేదు. ఒకదాంట్లో కష్టానికి ముందూ వెనకా ఆనకట్ట నీళ్లున్నాయి. రెండోదాంట్లో లేవు. సమస్యను చూపించి, దాన్ని తీర్చిన ఘనత దేశానికో ప్రభుత్వానికో దక్కేలా ముగించిన సినిమా మనకు గర్వకారణం అవుతోంది. సమస్యను సమస్యగానే వదిలేసిన సినిమా పరువు తక్కువ అవుతోంది. విదేశీయుడు ఏమనుకుంటాడన్నది ఈ లెక్కలోకి తర్వాతెప్పుడో వచ్చి చేరుతుంది.

ఈ భయానికి మూలాలు మాత్రం లేకపోలేదు. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ జర్నలిస్టు 'మదర్ ఇండియా' పేరుతోనే ఒక పుస్తకం రాసింది. బాల్య వివాహాలు, కాన్పుల్లో తల్లుల మరణాలు, అంటరానితనం, మురికి అన్నీ ఏకరువు పెట్టి, ఇలాంటివాళ్లు స్వపరిపాలనకు తగరని తేల్చింది. ఆమెకు వలస పాలకుల సహకారం కూడా ఉంది. అంటే మన సామాజిక సమస్యలను విదేశీ పాఠకుడి ముందు పరచడం అనేది ఒకప్పుడు మనకు స్వాతంత్ర్యం ఇవ్వకుండా ఉండటానికి వాడిన ఆయుధం. ఆ దెబ్బ తిన్న దేశానికి తర్వాత కూడా ఉలికిపాటు ఉండటంలో వింత లేదు. ముప్పై ఏళ్ల తర్వాత మెహబూబ్ ఖాన్ అదే పేరుతో సినిమా తీస్తున్నాడని తెలియగానే కేంద్ర ప్రభుత్వ శాఖలు స్క్రిప్టు పంపమని అడిగాయి. పుస్తకానికీ తన సినిమాకూ సంబంధం లేదని, అది దానికి జవాబని ఆయన వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

మేయో పుస్తకం గురించి గాంధీ రాసింది అందరికీ తెలుసు. మురుగుకాల్వల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అన్నారు. ఆ మాట మాత్రమే జనంలో మిగిలింది. అదే వ్యాసంలో ఆయన ఇంకో మాట కూడా రాశారు. అమెరికన్లకూ ఇంగ్లీషువాళ్లకూ ఈ పుస్తకంతో ప్రయోజనం లేదుగానీ ప్రతి భారతీయుడూ చదివి ఎంతోకొంత లాభం పొందొచ్చని, ఆమె ఆరోపణలు చేసిన తీరును తిరస్కరించవచ్చేమోగానీ వాటి వెనకున్న సారాన్ని తిరస్కరించలేమని. దేశమంతా మండిపడుతున్న రోజుల్లో ఈ రెండో మాట రాయడానికి ధైర్యం కావాలి. బాల్య వివాహాల మీద అప్పటికే సాగుతున్న చర్చ ఆ గొడవతో మరింత వేడెక్కింది. 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదన్నారు. దురుద్దేశంతో రాసిన పుస్తకం కూడా ఇంట్లో ఒక తలుపు తెరుచుకోవడానికి పనికొచ్చింది.

సరే, నిజంగా నష్టం జరుగుతుందా? దేశం ఇమేజ్‌ను తూకం వేసే త్రాసు లేదు కాబట్టి కనీసం కళ్లకు కనిపించే అంకెలు చూద్దాం. ఈ తరంలో అందరికంటే ఎక్కువ నింద మోసిన సినిమా బ్రిటిష్ దర్శకుడు డానీ బాయిల్ తీసిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్'. 2008 చివర్లో విడుదలై 2009లో 8 ఆస్కార్లు గెలిచింది. మురికివాడ, బిచ్చమెత్తించడానికి పిల్లల కళ్లు పొడిచే ముఠా, మత ఘర్షణ, పోలీసు స్టేషన్లో కరెంటు షాకులు అన్నీ ఉన్న సినిమాను ప్రపంచమంతా చూసింది. దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకుల సంఖ్య 2008లో 52.8 లక్షలు, 2009లో 51.7 లక్షలు, 2010లో 57.8 లక్షలు. 2009లో కాస్త తగ్గిందే అని ఎవరైనా పట్టుకోవచ్చు. అది ముంబయి దాడుల తర్వాతి ఏడాది, ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న ఏడాది కూడా. ఆ తర్వాత సంఖ్య పెరుగుతూనే పోయి 2019కి కోటీ తొమ్మిది లక్షలు దాటింది. ధారావి చూపించే టూర్లు సినిమాకు ముందే ఉన్నా, సినిమా వచ్చాక వాటికి గిరాకీ పెరిగింది. ఇది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. జనం భయపడి రావడం మానేశారన్న వాదనకు మాత్రం ఈ అంకెల్లో ఆధారం లేదు.

నిజానికి ఒక దేశం పేరు చెడగొట్టేది వార్త. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన అత్యాచారం, హత్య గురించి ప్రపంచానికి ఏ సినిమావాళ్లూ చెప్పలేదు. ఆ వారంలోనే అన్ని దేశాల పత్రికల మొదటి పేజీల్లో ఉంది. దాని మీద డాక్యుమెంటరీ వచ్చింది రెండేళ్లు దాటాక. పైగా చిత్రోత్సవాల్లో తిరిగే సినిమాను విదేశాల్లో చూసేది గుప్పెడు మంది. వాళ్లలో ఎక్కువమంది మన దేశం గురించి అంతో ఇంతో చదివినవాళ్లే. కులం గురించీ వరకట్నం గురించీ వాళ్లకు సినిమా చూశాక కొత్తగా తెలిసేది ఉండదు.

నష్టం అసలు లేదనీ కాదు. ఉన్నచోట అది దేశానికి కాకుండా మనుషులకు తగులుతుంది. 'స్లమ్‌డాగ్' అనే పేరునే స్కూల్లో ఎగతాళిగా పడ్డామని ప్రవాస పిల్లలు చెప్పిన సందర్భాలున్నాయి. పాట్నాలో ఆ 'డాగ్' అన్న ముక్క మీదే నిరసనలు జరిగాయి. పరాయి దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, ఆఫీసులో ఎవరో మీ దేశంలో ఇలాగేనట కదా అని అడిగితే చివుక్కుమనడం సహజం. ఆ మనిషి బాధను దేశభక్తి నాటకం అని కొట్టిపారేయడం తప్పు.

ఇక్కడే నర్గీస్ వాదనలో నిలబడే భాగం కూడా ఉంది. ఒక దేశం గురించి మనిషి చూసేది జీవితంలో రెండు మూడు సినిమాలే అయితే, ఆ రెండు మూడింటి మీద మోయలేనంత బరువు పడుతుంది. అమెరికాలో డ్రగ్స్ మీద, తుపాకుల మీద ఎన్ని సినిమాలు వచ్చినా ఆ దేశం ఇంతే అని ఎవరూ అనుకోరు. దానికి విరుగుడుగా మరో వెయ్యి సినిమాలు మనం చూసే ఉంటాం. మనకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి అడగాల్సింది పేదరికాన్ని ఎందుకు చూపించారని కాదు, ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూపించారని.

'స్లమ్‌డాగ్'లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తాజ్‌మహల్ చూడటానికి వచ్చిన అమెరికన్ దంపతులకు గైడుగా నటిస్తూ కథానాయకుడు జమాల్ వాళ్లను కారు దగ్గర్నుంచి దూరంగా తీసుకెళ్తాడు. తిరిగొచ్చేసరికి కారు టైర్లు కూడా మిగలవు. డ్రైవరు కుర్రాణ్ని చితకబాదుతుంటే, అసలైన భారతదేశం చూడాలన్నారుగా, ఇదే అంటాడు జమాల్. ఆ అమెరికన్ మహిళ అతన్ని దగ్గరకు తీసుకుని, అయితే అసలైన అమెరికా ఎలా ఉంటుందో కూడా చూడు అంటుంది. భర్త డాలర్లు తీసి కుర్రాడి చేతిలో పెడతాడు. ఆ దృశ్యాన్ని వ్యంగ్యంగా తీశామని దర్శకుడు చెప్పొచ్చు. కానీ అక్కడ జమాల్ మాట్లాడేది టిక్కెట్టు కొన్న విదేశీ ప్రేక్షకుడితోనే. అదే సినిమాలో మరుగుదొడ్డి గుంటలో దూకి, అమితాబ్ ఆటోగ్రాఫ్ కోసం పరిగెత్తే పిల్లాడి దృశ్యం కూడా అంతే. చూసేవాడికి కంపరం, నవ్వు ఒకేసారి కలగాలి. ఆ పిల్లాడికి ఏమనిపించిందో తెలుసుకునే తీరిక కెమెరాకు లేదు. (ఆ అమితాబే 2009 జనవరిలో తన బ్లాగులో, దేశాన్ని మురికి మూడో ప్రపంచంగా చూపిస్తే కొందరికి బాధ కలుగుతుందని రాశారు. అలాంటి చీకటి కోణం సంపన్న దేశాల్లోనూ ఉంటుందన్నారు. దుమారం రేగాక, పాఠకుల చర్చను ముందు పెట్టానంతే అని వివరణ ఇచ్చుకున్నారు.)

దీని పక్కన మన తెలుగు సినిమా 'దాసి'ని పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1988లో బి. నర్సింగరావు తీశారు. నిజాం కాలపు తెలంగాణ గడీలో దొరకు ఊడిగం చేసే కమలాక్షి కథ. దొర వల్లే కడుపు వస్తుంది, దొరల పరువు కోసమే ఆ కడుపు తీయించేస్తారు. 'స్లమ్‌డాగ్'లోని ఏ ఘట్టానికీ తీసిపోని దారుణం ఇది. కానీ ఇందులో మాటలు తక్కువ. నీళ్లు మోయడం, ఊడవడం, పిలిస్తే వెళ్లడం, మళ్లీ పనిలో పడటం. కెమెరా ఆమె పని వెంట తిరుగుతుంది. పరాయివాడికి వివరించే గైడు ఎక్కడా కనిపించడు. అర్చనకు ఉత్తమ నటితో పాటు ఆ సినిమాకు మొత్తం ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. మాస్కో చిత్రోత్సవంలోనూ ప్రదర్శించారు. దాన్ని చూసి తెలంగాణ పరువు పోయిందని ఎవరూ అనుకున్నట్టు లేదు. అయినా మనవాళ్లలో ఎంతమంది చూశారన్నది అడగకపోవడమే మంచిది.

సొంత మనుషులు తీస్తే మంచిది, విదేశీయులు తీస్తే చెడ్డది అని గీత గీయడానికీ లేదు. 'స్లమ్‌డాగ్'కు మూలమైన నవల రాసిన వికాస్ స్వరూప్ భారత విదేశాంగ శాఖ అధికారి. తర్వాత ఆ శాఖకు అధికార ప్రతినిధిగా కూడా పనిచేశారు. దేశం పేరు నిలబెట్టడమే ఉద్యోగంగా ఉన్న మనిషి కథలోంచే ఆ సినిమా పుట్టింది. దానివల్ల ఆయనకు గానీ ఆయన శాఖకు గానీ ఏ నష్టమూ జరగలేదు. 2009 లోక్‌సభ ఎన్నికల ప్రచారానికి కాంగ్రెస్ పార్టీ 'జై హో' పాట హక్కులు కొనుక్కుంది. సినిమా పరువు తక్కువదైనా పాట మాత్రం ఓట్లకు పనికొస్తుందనుకున్నారు కాబోలు.

పాశ్చాత్యులకు మన పేదరికమే కావాలన్న మాటలోనూ సగమే నిజం. రాయ్ తీసిన వాటిలో ఎక్కువ భాగం మధ్యతరగతి, జమీందారీ ఇళ్ల కథలు. 'మహానగర్', 'చారులత' సినిమాలకు 1964, 1965ల్లో వరుసగా రెండేళ్లు బెర్లిన్‌లో ఉత్తమ దర్శకుడిగా ఆయనకు సిల్వర్ బేర్ వచ్చింది. చారులత ఇంట్లో ఆకలి లేదు, విసుగు ఉంది. విదేశీయులు దాన్నీ నెత్తిన పెట్టుకున్నారు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2017లో 'దంగల్' చైనాలో విడుదలై అక్కడే దాదాపు 1,300 కోట్ల రూపాయలు వసూలు చేసింది. ఆ సినిమాలో ఒక పెళ్లి సన్నివేశం ఉంది. పద్నాలుగేళ్ల పెళ్లికూతురు గీత, బబితలతో అంటుంది: మీ నాన్న మీ గురించి ఆలోచిస్తున్నాడు, అదృష్టవంతులు. ఇక్కడ ఆడపిల్ల పుడితే వంటా వార్పూ నేర్పడం, పద్నాలుగేళ్లు రాగానే పెళ్లి చేసి బరువు దించుకోవడం. హరియాణా గురించి ఇంతకంటే సూటి విమర్శ ఏ డాక్యుమెంటరీలోనూ ఉండదు. కోట్ల మంది చైనా ప్రేక్షకులు ఆ మాట విన్నారు. ఆ ఏడాది జూన్‌లో అస్తానాలో ప్రధాని మోదీని కలిసినప్పుడు ఆ సినిమా చూశానని, నచ్చిందని చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ స్వయంగా చెప్పారు. మన విదేశాంగ శాఖ ఈ సంగతిని సంతోషంగా విలేకరులకు చెప్పింది. పద్నాలుగేళ్లకే పెళ్లిళ్లు చేస్తారన్న సంగతి బయటపడినందుకు సిగ్గుపడిన వాళ్లు లేరు. కారణం సులువు. చివర్లో బంగారు పతకం ఉంది, జాతీయ గీతం ఉంది.

'టాయ్‌లెట్: ఏక్ ప్రేమ్ కథ' సంగతీ అంతే. ఇంట్లో మరుగుదొడ్డి లేదని కొత్త పెళ్లికూతురు పుట్టింటికి వెళ్లిపోయే కథ. బహిర్భూమికి చీకట్లో చెంబు పట్టుకుని గుంపుగా వెళ్లే ఆడవాళ్లను తెర నిండా చూపించారు. స్వచ్ఛభారత్ ప్రచారంతో కలిసి నడిచిన సినిమా కాబట్టి దానికి మెచ్చుకోళ్లే దక్కాయి. 2018లో చైనాలోనూ విడుదలైంది. ఇదే సంగతి ఏ విదేశీ దర్శకుడో ఏ పథకం ఊసూ లేకుండా తీసి ఉంటే ఏం జరిగేదో ఊహించడం పెద్ద కష్టం కాదు.

పూర్వం ఈ గొడవలు ఇంత డొంకతిరుగుడుగా ఉండేవి కావు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీస్తే అగ్రవర్ణాల్లో కొందరికి కోపం వచ్చింది. మరుసటేడు 'రైతుబిడ్డ' తీస్తే జమీందార్లకు కోపం వచ్చింది, అడ్డుపడ్డారు, కొన్నిచోట్ల ప్రదర్శన ఆగిపోయింది. ఎవరికి కాలిందో వాళ్లే ముందుకొచ్చి కాలిందన్నారు. లండన్‌లో మన పరువు పోతుందని ఎవరూ అనలేదు. కులం మీద, పోలీసుల మీద, మగవాళ్ల మీద సినిమా వస్తే నాకు కోపం వచ్చింది అనడానికి ఇప్పుడు మొహమాటం. ఆ కోపానికి దేశం పేరు తొడిగితే గౌరవంగా ఉంటుంది.

చట్టం చూస్తే అందులో ఈ పరువు అనే పదార్థం లేదు. భావప్రకటన మీద ఏ కారణాలతో ఆంక్షలు పెట్టొచ్చో రాజ్యాంగం 19(2) అధికరణలో ఉంది. సార్వభౌమత్వం, సమగ్రత, దేశ భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కూడా ఇంచుమించు ఇదే జాబితాను వాడుకుంటుంది. విదేశాలతో స్నేహ సంబంధాలు అంటే విదేశీయుల ముందు మనం బాగా కనిపించడం అని అర్థం కాదు. పరువు నష్టం ఒక మనిషికో సంస్థకో జరిగేది, దేశానికి కాదు. 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు, గొడవలు జరుగుతాయన్న బెదిరింపుకు లొంగి సినిమాను ఆపడం కుదరదని, భద్రత కల్పించడం ప్రభుత్వం పని అని తేల్చింది. ఆచరణలో మాత్రం 2000 సంవత్సరంలో వారణాసిలో దీపా మెహతా తీస్తున్న 'వాటర్' సినిమా సెట్లను ధ్వంసం చేస్తే షూటింగే ఆగిపోయింది. కాశీ వితంతువుల కథను చివరికి శ్రీలంకలో తీశారు. 2007లో అది కెనడా తరఫున ఆస్కార్ నామినేషన్ పొందింది. ప్రపంచం ఆ సినిమాతో పాటు దాన్ని తీయనివ్వని కథను కూడా తెలుసుకుంది.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. 1970లో లూయీ మాల్ అనే ఫ్రెంచి దర్శకుడు మన దేశం మీద తీసిన డాక్యుమెంటరీ సిరీస్‌ను బీబీసీ ప్రసారం చేస్తుంటే మన ప్రభుత్వం ఆపమంది. వాళ్లు ఆపలేదు. ఢిల్లీలో బీబీసీ కార్యాలయం మూతపడింది. ఎక్కడో టీవీలో వచ్చి పోవాల్సిన సిరీస్, ఈ గొడవతో చరిత్ర పుస్తకాలకెక్కింది. 2015 మార్చిలో 'ఇండియాస్ డాటర్' విషయంలోనూ ఇదే. ఢిల్లీ ఘటన మీద తీసిన ఆ డాక్యుమెంటరీలో జైల్లో ఉన్న దోషి ఇంటర్వ్యూ ఉంది. అతని మాటలు ప్రసారం చేయడం సరైనదేనా, అప్పీలు పెండింగ్‌లో ఉండగా ఇది న్యాయమా అన్నవి గట్టి ప్రశ్నలే. భారతీయ మహిళా సంఘాల వాళ్లు కొందరు వాటినే అడిగారు. కానీ పార్లమెంటులో వినిపించింది వేరే. ఇది దేశాన్ని అప్రతిష్ఠపాలు చేసే అంతర్జాతీయ కుట్ర అని అప్పటి మంత్రి వెంకయ్యనాయుడు అన్నారు. ప్రసారం మీద నిషేధం పడింది. బీబీసీ బ్రిటన్‌లో దాన్ని అనుకున్న తేదీ కంటే ముందే వేసేసింది. మర్నాడు ప్రపంచ పత్రికల్లో వచ్చింది సినిమా సమీక్ష కాదు, నిషేధం వార్త. దోషి మాటల కంటే ఆ వార్తే ఎక్కువ దూరం వెళ్లింది.

ఈ జబ్బు మనకే ప్రత్యేకం అనుకుంటే పొరపాటు. ఇటలీలో 1949లో ఒక చట్టం తెచ్చారు. దేశానికి చెడ్డపేరు తెచ్చే సినిమాకు ఎగుమతి అనుమతి నిరాకరించే వీలు అందులో ఉంది. పింఛను చాలక వీధిన పడిన ముసలాయన కథతో దర్శకుడు డి సికా 1952లో సినిమా తీస్తే, అప్పటి ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూసే ఆండ్రియోత్తి బహిరంగ లేఖ రాశారు. మురికి బట్టలు అందరి ముందూ ఉతక్కూడదన్న మాట ఆయన పేరు మీదే ప్రచారంలో ఉంది. ఇవాళ ఇటలీ గర్వంగా చెప్పుకునే సినిమాలు సరిగ్గా అవే. 1955లో వెనిస్ చిత్రోత్సవంలో ఒక హాలీవుడ్ సినిమా ఉంటే తాను రానని ఇటలీలోని అమెరికా రాయబారి క్లేర్ బూత్ లూస్ పట్టుబట్టి దాన్ని తీసేయించారు. అమెరికా స్కూళ్లలో రౌడీ పిల్లలను చూపించడం ఆమెకు తలవంపులైంది. అంతటి దేశానికే ఈ టెన్షన్ తప్పలేదు.

దక్షిణ కొరియా చేసింది చూడాలి. 2020లో 'పారసైట్' నాలుగు ఆస్కార్లు గెలిచింది. సియోల్‌లో సగం భూమి లోపల ఉండే ఇరుకు ఇళ్లలో పేదలు బతికే తీరు ఆ సినిమాకు కేంద్రం. కొరియా పరువు పోయిందని ప్రభుత్వం కేకలు పెట్టలేదు. అలాంటి ఇళ్లలో ఉండే 1,500 కుటుంబాలకు ఇళ్లు బాగుచేసుకోవడానికి సాయం చేస్తామని సియోల్ నగర పాలన ప్రకటించింది. సినిమా తీసిన చోట్లను పర్యాటకులకు చూపించడం కూడా మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత వరదల్లో అలాంటి ఇంట్లోనే మనుషులు మునిగి చనిపోయారు కాబట్టి సమస్య తీరిందని చెప్పడానికి లేదు. సినిమా చూపించింది అబద్ధం కాదని మాత్రం ఆ వరద రుజువు చేసింది.

పక్కనున్న పాకిస్తాన్‌లో పరువు హత్యల మీద షర్మీన్ ఒబైద్ చినాయ్ తీసిన లఘు డాక్యుమెంటరీ 2016లో ఆస్కార్ గెలిచింది. ఆమె దేశం పేరు చెడగొడుతోందని అక్కడ తిట్టినవాళ్లు తక్కువేమీ కాదు. అప్పటి ప్రధాని నవాజ్ షరీఫ్ మాత్రం తానే ఆ సినిమా ప్రదర్శన ఏర్పాటు చేసి, చట్టం మారుస్తామని మాట ఇచ్చారు. చంపిన బంధువును కుటుంబమే క్షమించేసి విడిపించుకునే వెసులుబాటును ఆ ఏడాది అక్టోబరులో చట్టం చాలావరకు మూసేసింది. ఆ జులైలో సోషల్ మీడియా తార కందీల్ బలోచ్ సోదరుడి చేతిలో హత్యకు గురికాకపోతే ఆ చట్టం అంత త్వరగా వచ్చేది కాదేమో. మన దగ్గర కూడా 'సలాం బాంబే' తీసిన తర్వాత ఆ ఆదాయంతో వీధి బాలల కోసం పుట్టిన సలాం బాలక్ ట్రస్ట్ ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇటీవలి రెండు సినిమాలు ఈ వ్యవహారం ఎంత తలకిందులుగా ఉందో చూపిస్తాయి. నీరజ్ ఘేవాన్ తీసిన 'హోమ్‌బౌండ్'లో ఒక దళిత యువకుడు, ఒక ముస్లిం యువకుడు పోలీసు ఉద్యోగం వస్తే అయినా జనం గౌరవిస్తారని ఆశపడతారు. లాక్‌డౌన్‌లో కాలినడకన ఇంటిదారి పడతారు. పరిష్కారం చూపించే పథకం ఏదీ ఇందులో లేదు. 2025లో కాన్‌లో ప్రదర్శించారు, ఆ ఏడాది దేశం తరఫున ఆస్కార్‌కు పంపింది కూడా దీన్నే. విదేశాలకు పంపడానికి అడ్డు లేకపోయింది. ఇక్కడ విడుదలకు ముందు మాత్రం సెన్సార్ బోర్డు కొన్ని మాటలు, దృశ్యాలు మార్పించింది. సంధ్యా సూరి తీసిన 'సంతోష్'ది ఇంకో దారి. దళిత బాలిక హత్య కేసులో ఒక మహిళా కానిస్టేబుల్ చూసిన పోలీసు వ్యవస్థ ఆ కథ. 2024లో కాన్‌కు వెళ్లింది, బ్రిటన్ తరఫున ఆస్కార్‌కు వెళ్లింది, ఫ్రాన్స్, బ్రిటన్ థియేటర్లలో ఆడింది. పోలీసులను, కులాన్ని చూపించిన తీరు మీద సెన్సార్ బోర్డు కోరిన కత్తిరింపులు వేస్తే కథే మిగలదని దర్శకురాలు అనడంతో మన దేశంలో విడుదల ఆగింది. 2025 అక్టోబరులో ఓటీటీలో వస్తుందని ప్రకటించారు, అదీ ఆగిపోయింది. ఉత్తర భారతంలో హిందీ మాట్లాడే మనుషుల మీద తీసిన ఈ సినిమాను పారిస్‌లో టిక్కెట్టు కొని చూశారు. మీరట్‌లో చూడటానికి లేకపోయింది.